మా తలుపు మీద ఇంటూ మార్కు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో అడుగుపెట్టిన ప్రతివాడూ మూణ్ణెల్లకి సాఫ్ట్‌వేరు ఇంజనీరైపోతాడని మా గుంటూరు వైపు గట్టి నమ్మకం. (నాకు అంతకంటే చాలా ఎక్కువే పట్టింది. ఆ లెక్క మా బావ దగ్గర ఉంది, అడగకండి.) పొద్దున జావా క్లాసు, మధ్యాహ్నం అక్కావాళ్ల రెండో అంతస్తు పోర్షన్లో కునుకు. అలాంటి ఒక కునుకు మధ్యలో పోలియో చుక్కల నర్సమ్మ తలుపు కొట్టింది. "పిల్లలున్నరా తమ్మీ?" అంది. మా మేనకోడలు వాళ్ల అమ్మతో శ్రీనగర్ కాలనీ వెళ్లింది. ఉన్నమాటే చెప్పాను. ఆవిడ సుద్దముక్క తీసి మా తలుపు మీద ఇంత ఇంటూ మార్కు కొట్టి, నావైపైనా చూడకుండా మెట్లు దిగిపోయింది.

చూద్దును కదా, ఎదురింటికి 'పి', కిందింటికి 'పి', మాకొక్కళ్లకే ఇంటూ! జావా పరీక్షలో వచ్చినవి చాలవా? పైగా ఇంటి ఓనరు గారు పైకెక్కుతూ ఆగి, "ఏంటి బాబూ, మీ ఇల్లు ఫెయిలయిందా?" అన్నారు. (ఆ నవ్వు నేనిప్పటికీ మర్చిపోలేదు.) తడి తువ్వాలుతో మచ్చ లేకుండా తుడిచేశాను.

సాయంత్రం అక్క విని తల పట్టుకుంది. "ఒరేయ్, ఇంటూ ఉన్న ఇళ్లకే మళ్లీ వస్తార్రా! దీనికి ఒక్కసారీ చుక్కలు పడలేదు. మేమిక్కడ వేయించామనుకుని అమ్మ, గుంటూరులో తను వేయించిందనుకుని నేను, ఇన్నాళ్లూ గడిపేశాం. రేపే ఆఖరు. వాళ్లు రాకపోతే నీ సంగతి చెప్తా." ఆ గుర్తుకి అర్థమేంటో ఆ నర్సమ్మ చెప్పాలా వద్దా?

మర్నాడు క్లాసులో బోర్డు కింద నుంచి సుద్దముక్క జేబులో వేసుకుని పరుగెత్తుకొచ్చాను. తలుపు పై అంచు నుంచి గడప దాకా, మూల నుంచి మూలకి ఇంటూ కొట్టాను. కనబడదేమోనని మెట్ల గోడ మీద ఇంకోటి. ఓనరు గారి స్కూటరు సీటు మీద కూడా ఒకటి పడింది, అది ఊపులో పడింది.

నర్సమ్మ రానే వచ్చింది. తలుపు చూసి నోరు తెరిచింది. "గింత పెద్ద మార్కు ఎవరేసిండ్రు? నిన్న నేను ఏసింది గిది కాదే!"

"నిన్నటిది చిన్నదైందండీ, పెద్దది చేశాను."

"మస్తు తెలివి తమ్మీ నీది. పోరిని తీస్కరా జర."

పిల్ల మంచం కిందకి దూరింది. కాళ్లు పట్టి లాగితే కొరికింది. ఆఖరికి, "మామయ్య తాగితే తాగుతా" అని షరతు పెట్టింది. మెట్ల మీద బిల్డింగంతా నిలబడి చూస్తోంది.

"ఏంది ఫికర్, నోరు తెరువు" అంటూ నర్సమ్మ ఖాళీ సీసా నా నాలుక మీద వంచింది. నేను చప్పరించి, "అబ్బ, ఏం తీపి!" అన్నాను. అది చూసి మేనకోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే రెండు చుక్కలు లోపలికి పోయాయి. అక్క గోడకానుకుని గట్టిగా ఊపిరి వదిలింది. చుక్కలు పడ్డ గుర్తుగా పిల్ల చిటికెనవేలికి సిరా పూశాక, "మామయ్యక్కూడా!" అని మళ్లీ పేచీ. నేను చెయ్యి చాపాను, ఏం చేస్తాను?

ఆ వేలితోనే పంజాగుట్టలో ఇంటర్వ్యూకి వెళ్లాను. అక్కడి పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని, "నీకింకా ఐదేళ్లు నిండలేదా?" అన్నాడు. ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన్ని నేను క్షమించలేదు. మొన్న మేనకోడలు తన కొడుకుని చుక్కలకి తీసుకెళ్తూ, "వీడు నోరు తెరవట్లేదు, నువ్వు రా మామయ్యా" అని ఫోన్ చేసింది. ఈ వయసులో నాకిదేం ఉద్యోగమని గట్టిగా విసుక్కున్నాను. విసుక్కుంటూనే చెప్పులేసుకున్నాను.