ఒడియాల నెల

మా నాచారం అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు సారు రోజూ పొద్దున్నే ఒక కొత్త మాట పెట్టి, దాని అర్థం రాసేవారు. పోయిన సోమవారం ఆయన మాట రాలేదు. సారు నిద్రలోనే పోయారని ఆయన కొడుకు పెట్టిన కబురు వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా నేను అట్లాగే నిలబడిపోయాను.

ఉప్పల్‌లో బడిపిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. మేడ మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించడానికి గడప గడపా తిరిగి అందరినీ ఒప్పించింది ఆయనే. సారు లిఫ్టు ఎక్కుతుంటే కొందరు మెట్ల దారి పట్టేవాళ్లు. దొరికినవాళ్లకు పాఠం తప్పేది కాదు. నెట్ జీరో అంటే ఏందని మా ఆయన ఒకసారి అడిగారు.

"బోరుల నుంచి ఎంత తోడినమో, ఇంకుడు గుంతల మళ్ల గంత పోసినమనుకో. లెక్క సాఫ్. పొగ సంగతి గూడ గంతే, ఎంత ఇడిసినమో గంత మళ్ల గుంజుకోవాలె."

ప్యానెళ్లు వచ్చిన మొదటి ఎండాకాలం మేం ఆడవాళ్లం చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అద్దం వేడికి తొందరగా ఎండుతాయని, ప్యానెళ్ల మీదే పాత చీరలు పరిచి ఒడియాలు పెట్టాం. కరెంటు ఎందుకు తగ్గిందా అని సారు పైకి వచ్చారు. తిట్లు తప్పవనుకున్నాం. ఆయన ఒక పచ్చి ఒడియం నోట్లో వేసుకుని, "ఉప్పు జర తక్కువైంది" అన్నారు. తరవాత చీర కొస ఎత్తి, ఫోన్లో కరెంటు లెక్క పెరగడం చూపించారు. గోడ పక్కన నీడ పడని చోటు చూసి, చీరలు ఆయనే పరిచారు. ఆ రోజే నాకు ఇంకో పాఠం చెప్పారు.

"ఇయ్యాల ఎండుతయా లేదా అని మొగులు దిక్కు సూస్తవు సూడు, గది వెదర్. ఏ నెలల పెట్టాల్నో మీ అత్త చెప్పింది సూడు, గది క్లైమేట్."

"మరి గా నెల మాట తప్పితే?"

"గదే బిడ్డా, అందరు మొత్తుకునేది."

ఈ ఏడు మా అత్త చెప్పినట్టే శివరాత్రి దాటాక పెట్టాను. రెండోరోజే వడగండ్ల వాన పడి అంతా పిండి ముద్దయింది. సారు కూడా వచ్చి నాతో పాటు చీర పిండారు.

"సారూ, రేపు నా బిడ్డకు ఏ నెలని చెప్పాలె?" అని అడిగాను.

ఏ మాటకైనా అర్థం చెప్పే మనిషి, చేతిలోని తడి చీరను దులిపి గోడ మీద ఆరేశారు. "నాక్కూడ తెల్వది బిడ్డా" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను విన్నది అదొక్కసారే.

నిన్న మేడ ఎక్కాను. ప్యానెళ్ల మీద వారం దుమ్ము. "నేను లేకుంటే వీటిని ఎవ్వలు తుడుస్తరు?" అని సారు ఎప్పుడూ బెంగపడేవారు. ఆయన తుడిచే పంచె ముక్క ట్యాంకు పైపు మీదే ఉంది. ఆయన చేతులతో పిండి ఆరేసిన మెలికలు పోకుండా కర్రలా ఎండిపోయింది. బకెట్లో ముంచబోయి ఆగాను. తడిస్తే ఆ మెలికలు పోతాయి.

దాన్ని అక్కడే ఉంచి, ఇంట్లోంచి నా పాత చీర ముక్క తెచ్చుకున్నాను.