గుండీలు ఎటువైపు

మా మేనకోడలి మొదటి గెలుపు నాలుగు పేజీలు. కళాచరిత్ర పత్రిక ఒకదానికి ఆరుసార్లు పంపితే ఆరుసార్లూ తిప్పికొట్టారు. ఏడోసారి, ఆమెకు ఇరవై ఏడో ఏడు నడుస్తుండగా, అచ్చువేశారు. అదీ చిట్టచివర, చందాదారుల చిరునామా మార్పులు వేసే పేజీకి ముందు.

"ఇంతా చేసి నాలుగు పేజీలేనా వదినా?" అన్నాడు మా మరిది. ఆయన జన్మలో రాసినవి సెలవు చీటీలు. అవి కూడా పక్క సీటువాడి దగ్గర చూసి రాసినవే.

ఆ నాలుగు పేజీలు ఒక నాలుగు వందల పేజీల పుస్తకాన్ని పడగొట్టాయి. నేను మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినదాన్ని. అయినా ఆ గొడవ నాకు మొదటిసారి చెప్పగానే అర్థమైంది. పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళకు బుర్రకెక్కడానికి పాతికేళ్ళు పట్టింది.

మా తమ్ముడు సిటీ బస్సు నడిపేవాడు. మరదలు ఆసుపత్రిలో నర్సు. ఇద్దరివీ వేళాపాళా లేని ఉద్యోగాలు కాబట్టి పిల్ల బడి వదలగానే నా టైలరింగు షాపుకి వచ్చేది. రెండు మిషన్లు, కత్తిరింపుల బల్ల, నిలువుటద్దం, మూల ఒక తెర. తొమ్మిదేళ్ళకే కాజాలు కుట్టింది. పన్నెండేళ్ళకు నేను కుట్టిన కాజాకే వంకపెట్టింది. వంక నిజమే, విప్పి మళ్ళీ కుట్టాను. బడి చదువంతా ఫస్టున పాసై, డాక్టరు కోర్సులో సీటు వస్తుంటే కాదని కళాచరిత్రలో చేరింది. మా బంధువర్గం నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

"బొమ్మలు గీస్తుందా?" అని అడిగాడు మరిది.

"గీయదు. గీసినవాటిని చూస్తుంది."

"చూడటానికి చదువెందుకు వదినా? కళ్ళుంటే చాలదా?"

"నీకున్నాయిగా రెండు. ఏం చూశావు ఇన్నాళ్ళూ?" అన్నాను. ఆ తర్వాత రెండు నెలలు మా గడప తొక్కలేదు. హాయిగా గడిచింది.

కాలేజీలో ఆ శాఖ లైబ్రరీ పైన, మెట్ల చివర ఉండేది. కిటికీలకు నల్లగుడ్డలు, మధ్యలో ప్రొజెక్టరు, గోడపొడవునా సొరుగుల బీరువాలు, ఆ సొరుగుల్లో వేల స్లయిడ్లు, అంటే బొమ్మల ఫోటోలు దించిన గాజుముక్కలు. శాఖకు పెద్ద ఒక ప్రొఫెసరు. విద్యార్థులు ఆయన్ని చీకటి మాస్టారనేవాళ్ళు. దీపాలార్పి, బొమ్మ తెరమీద పడితే తప్ప ఆయనకు నోరు పెగలదు. వెలుతుర్లో ఆయన పాఠం విన్నవాళ్ళు లేరు.

ఆ మహానుభావుడి కీర్తంతా ఒకే ఒక్క బొమ్మ మీద నిలబడింది. రెండు వందల ఏళ్ళనాటి నూనెరంగుల చిత్రం. కిటికీ పక్కన బల్ల దగ్గర ఒక గుమస్తా ఎడమచేత్తో ఉత్తరం రాస్తుంటాడు, వెనక ఇద్దరు వర్తకులు నిలబడి చూస్తుంటారు. అలా ఎడమచేతివాణ్ణి గీశాడంటే గీసినవాడిది కూడా ఎడమచేయే అయివుంటుందని మాస్టారు తేల్చాడు. చిన్నప్పుడు ఆ చేతిమీద దెబ్బలు తిన్నాడట, ఆ కసంతా రంగుల్లో చూపించాడట. చిత్రకారుడి బాల్యం గురించే ముప్పై రెండు పేజీలు. ఆ చిత్రకారుడి పేరేమిటో మాత్రం ఈనాటికీ ఎవరికీ తెలియదు! ఆ పుస్తకానికి బహుమతులు, సన్మానాలు. చదివినవాళ్ళు ఎందరో నాకు తెలియదుగానీ మెచ్చుకోనివాడు లేడు.

మా పిల్ల రెండో ఏడులో ఉండగా ఆ స్లయిడు తెరమీద పడింది. అందరూ ఎడమచేయి చూశారు. ఈమె కోట్లు చూసింది.

మగవాళ్ళ కోటుకు ఎడమవైపు ముక్క కుడివైపు ముక్క మీదికి వస్తుంది, గుండీలు కుడివైపుంటాయి. ఆడవాళ్ళ కోటుకు ఇది తిరగబడుతుంది. సూది పట్టిన ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతే.

లేచి నిలబడింది. "సార్, ముగ్గురి కోట్లకీ గుండీలు ఆడవాళ్ళ వైపున్నాయండి."

"అయితే?"

"ఒకడైతే పొరపాటున పెళ్ళాం కోటు వేసుకొచ్చాడనుకోవచ్చు. ముగ్గురూనా సార్? స్లయిడు తిరగేసి పెట్టారేమోనండి."

చీకట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "ఇది కుట్టుమిషన్ క్లాసు కాదమ్మా. కూర్చో."

ఈసారి అందరూ నవ్వారు. వీళ్ళు రేపు మన చరిత్ర రాయబోయేవాళ్ళు. ప్రొఫెసరు ఎప్పుడు నవ్వమంటే అప్పుడు నవ్వడమే వాళ్ళు నేర్చిన మొదటి పాఠం.

స్లయిడుకు మూలన ఒక ఎర్రచుక్క అంటిస్తారు. ప్రొజెక్టరులో పెట్టేటప్పుడు చుక్క ఎటుండాలో అటుంటేనే బొమ్మ సరిగ్గా పడుతుంది. ఈమె స్లయిడ్ల గది చూసే ఆవిణ్ణి అడిగింది.

"ఈ చుక్క ఎవరు పెట్టారమ్మా?"

"నేనే పెట్టాను. ఇరవై ఏళ్ళయింది. ఎటు పెట్టమంటారు సార్ అనడిగితే, గాజుకేసి ఓసారి చూసి ఇటు పెట్టమన్నారు."

"ఆయన అసలు బొమ్మ చూశారా?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆయనకి బస్సు పడదమ్మా. వాంతులు."

అదీ సంగతి! అసలు బొమ్మ ఒక పాత వర్తకుల ఇంట్లో, ఎనిమిది గంటల ప్రయాణం దూరంలో ఉంది. ఆ ఇంటివాళ్ళు ఫోటో తీయనిచ్చింది ఒకే ఒక్కసారి. పడని బస్సు ఎక్కలేక మహా పండితుడు ఒక చిత్రకారుడి చేయి మార్చేశాడు.

మా పిల్ల బస్సెక్కింది. రెండురోజులు ఆ ఇంటి గేటు దగ్గరే కూర్చుంది. మూడోరోజు ఇంటావిడ విసుగెత్తి, "పది నిమిషాలు చూసి పో, ఫోటోలు గీటోలు తీశావంటే ఊరుకోను," అని లోపలికి రానిచ్చింది. హాల్లో బొమ్మ. గుమస్తా చక్కగా కుడిచేత్తో రాస్తున్నాడు. గుండీలు ఉండాల్సిన వైపే ఉన్నాయి. కిటికీ కూడా రెండోవైపుకు మారింది. ఈ ముక్కే నాలుగు పేజీలు రాసింది.

అది అచ్చయ్యేనాటికి ఆమె అదే మాస్టారి కింద డాక్టరేటుకు సిద్ధాంతగ్రంథం రాసి ఇచ్చివుంది. పాత చిత్రాల్లోని బట్టల కుట్టునుబట్టి వాటి కాలం చెప్పడం దాని విషయం. మాస్టారు సంతకం పెడితేనే అది పరీక్షకు కదులుతుంది. ఆయన పిలిపించాడు.

"చూడమ్మా, తొందరపడి రాశానని పత్రికకి ఒక ఉత్తరం ముక్క రాసెయ్యి. సాయంత్రానికి సంతకం పెడతా."

"తొందరేం పడలేదండి. ఏడుసార్లు పంపాను."

"ఆ ఇంట్లో నువ్వు చూశావన్నదానికి సాక్ష్యమేదీ? నీ నోటిమాటేగా!"

"ఒకసారి వచ్చి చూడండి సార్. బస్సు ముందు సీటు ఇప్పిస్తాను, మా నాన్న డ్రైవరే."

ఆ మాటకు నాలుగేళ్ళు మూల్యం కట్టింది మా పిల్ల. నాలుగేళ్ళూ ఆ గ్రంథం మాస్టారి బల్లమీద, ఆయన గొడుగు కింద పడివుంది. డాక్టరేటు లేనిదే కాలేజీలో ఉద్యోగం లేదు. ఈమె ఒక ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా చేస్తూ, ఆదివారాలు నా షాపులో పాత కోట్లు విప్పదీసి కుట్ల లెక్కలు రాసుకునేది. తమ్ముడొకసారి, "పోనీ ఆ ముక్క రాసిచ్చెయ్యవే, పీడా పోతుంది," అన్నాడు. "నాన్నా, రెడ్ సిగ్నల్ని పచ్చగా ఉందని రాసివ్వమంటే ఇస్తావా?" అంది.

చివరికి విశ్వవిద్యాలయంలో ఎవరో లెక్కలు తీసి, నాలుగేళ్ళ కాగితం ఇంకా ఎందుకు కదల్లేదని అడిగారు. మాస్టారు మౌఖిక పరీక్ష పెట్టించాడు. పైనుంచి ఒక ముసలి పరీక్షకుడు వచ్చాడు. ఆయన కూడా మాస్టారి పుస్తకాన్ని పొగుడుతూ ముందుమాట రాసినవాడే. అంటే జడ్జీ, ముద్దాయీ పాత స్నేహితులు.

"స్లయిడు తిరగబడిందనడానికి బొమ్మలోనే రుజువుందా?" అన్నాడాయన.

"మీ ఒంటిమీద ఉందండి. కోటు గుండీలు పెట్టుకుని, పెన్ను చేత్తో పట్టుకుని వసారాలో చేతులు కడిగే చోట అద్దం ముందు ఒక్కసారి నిలబడండి."

"పరీక్ష ఎవరికమ్మా, నాకా?" అంటూనే లేచాడు. మాస్టారు, "ఇదేం వేళాకోళం, కూర్చోండి మీరు," అంటూ వెంటపడ్డాడు. ఆయన కుడిచేత్తో పెన్ను పట్టుకుని అద్దంలోకి చూశాడు. అద్దంలో ముసలాయన ఎడమచేతివాడు, కోటు ఆడవాళ్ళది. కాసేపు చూశాడు. గుండీ విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత గోడ పట్టుకుని మరీ నవ్వాడట.

"ఏమయ్యా, ఇరవై ఏళ్ళు నాచేత కూడా అబద్ధం చెప్పించావు గదయ్యా!"

డాక్టరేటు ఆ సాయంత్రమే వచ్చింది.

డాక్టరేటు వచ్చాక వాళ్ళకి బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? పుస్తకం అలాగే పాఠ్యపుస్తకంగా ఉంది, మరో రెండు ముద్రణలు పడింది. మాస్టారి శిష్యులు తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఊరూరా చెప్పుకుంటూ పెద్ద ఉద్యోగాలు సంపాదించారు. మా పిల్ల ఏం చేసిందో రాస్తాను. ముప్పై ఒకటో ఏట లెక్చరరు. కాలం తెలియని నలభై ఒక్క చిత్రపటాలకు చేతుల కుట్టు, కాలరు మడత చూసి కాలం చెప్పింది. తర్వాత వేరేచోట్ల దొరికిన కాగితాలతో పోల్చితే ఒక్కటీ తప్పలేదు. మూడు పుస్తకాలు, మూడూ ఆమె స్వయంగా వెళ్ళి చూసిన బొమ్మల గురించే. నలభై ఎనిమిదో ఏట ప్రొఫెసరై అదే శాఖకు పెద్ద అయింది. మొదటిరోజే కిటికీల నల్లగుడ్డలు పీకించింది. ఇప్పుడు మా మరిది తన మనవరాలికి ఆ శాఖలో సీటు అడుగుతున్నాడు. కళ్ళున్నాయిగా, చాలవా అన్నాను.

పోయినేడు ఆ వర్తకుల వారసులు బొమ్మను ఒక పెద్ద మ్యూజియానికి ఇచ్చారు. గోడకు ఎక్కిస్తూ, పక్కన రేకుమీద వివరం రాయడానికి మా పిల్లను నాలుగు నెలల పనిమీద పిలిపించారు. అక్కడి అధికారి మాస్టారి శిష్యుడే. "ఏ చేత్తో రాస్తున్నాడనే విషయంలో పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి" అని వేద్దామన్నాడట. కళ్ళెదుట బొమ్మ వేలాడుతుంటే! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం విన్నాంగానీ, వచ్చినవాళ్ళందర్నీ కళ్ళు మూసుకోమనే పిల్లిని ఇక్కడే చూశాను. ఈమె ఆ రేకు వేస్తే తన పేరు తీసేసి వెనక్కి వచ్చేస్తానంది. మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి.

మొన్న ఫోను చేసింది. "అత్తా, ఒప్పుకున్నారు. ఒకటే వాక్యం. కుడిచేత్తో ఉత్తరం రాస్తున్న గుమస్తా."

"బిగించారా?"

"పన్నెండో తారీకు బిగిస్తారు. తర్వాత నాలుగు రోజులు జనాన్ని రానిచ్చి చూస్తారు."

"స్క్రూలు లాగి చూసి మరీ రా. ఆ పండితుల జాతిని నమ్మొద్దు."

"అందుకే ఉంటున్నా," అంది నవ్వుతూ.

రేకు గోడమీద గట్టిగా నిలిచిందని తన కళ్ళతో చూశాకే బస్సెక్కుతుంది. ఇల్లు చేరేది మార్చి పదిహేడు, బుధవారం.