సుడిగాలి కాలనీకి పొద్దుటి బస్సు

ఉద్యోగ విరమణకు ముందు నా చివరి పోస్టింగు దిల్‌సుఖ్‌నగర్ వైపు సిటీ బస్సులు నడిపే ఒక డిపోలో, ట్రాఫిక్ అసిస్టెంట్ మేనేజరుగా. ముందటేడు వేసవి మొదట్లో చేరాను. ఏ బస్సు ఏ వేళకు ఎక్కడి నుంచి బయలుదేరాలో నిర్ణయించే షెడ్యూళ్లు నా బాధ్యత.

ఆ వేసవి చివర, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక హైవేకు లోపలగా ఉన్న ఒక కాలనీని సుడిగాలి నేలమట్టం చేసింది. మొదట్లో నాయకులు వచ్చారు, టీవీ వాహనాలు వచ్చాయి, బియ్యం, దుప్పట్లు పంచే సంఘాలు వచ్చాయి. మేమూ అదనపు బస్సులు నడిపాం. తొలకరి పడేసరికి ఆ రద్దీ ఆగిపోయింది.

కాలనీకి ఉన్నది ఒకే బస్సు. రాత్రి అక్కడే నిలిచి, పొద్దున జనాన్ని నగరానికి తెచ్చి, సాయంత్రం తిరిగి చేర్చేది. దాన్ని నైట్‌హాల్ట్ అంటాం. సుడిగాలి తరువాత అది రెండు పూటలా దాదాపు ఖాళీగా నడిచింది. సీట్లు ఏ మేరకు నిండాయో చెప్పే లెక్కను ఆక్యుపెన్సీ అంటారు. అది పడిపోతే సర్వీసు తీసేయడం ఆనవాయితీ. ఆ బస్సును చైతన్యపురి హాస్టళ్ల విద్యార్థుల రూటుకు మార్చే ప్రతిపాదన రాయమని డిపో మేనేజరు గారు ఆదేశించారు. రాసేముందు స్వయంగా చూడాలన్నది నియమం కనుక ఎల్‌బీ నగర్ స్టాపుకు వెళ్లాను.

కాలనీ నుంచి వచ్చిన బస్సులోంచి ఇద్దరు ముగ్గురే దిగారు. అయితే రోడ్డుకు అవతల, కాలనీకి వెళ్లే వైపున, తాపీలు, టిఫిన్ డబ్బాలు పట్టుకున్న ఒక గుంపు షేర్ ఆటోవాళ్లతో వాదిస్తోంది. నేను దిగిన డిపో జీపును చూసి గుంపులోంచి ఒకావిడ నా దగ్గరికి వచ్చింది.

“సారూ, మా కాలనీని గాలి కొట్టింది సాలదా? మీ బస్సు గూడ రోజు గాలినే ఎక్కిచ్చుకొస్తున్నది!”

వెనకున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆవిడ పేరు అండాలు. పోచంపల్లి వైపు నుంచి వచ్చి కాలనీలో స్థిరపడిన నేత కుటుంబం. ఇల్లు కూలాక ఎల్‌బీ నగర్‌లో గది కిరాయికి తీసుకున్నారు. చాలా కుటుంబాలదీ అదే పరిస్థితి: రాత్రి ఇక్కడ పడుకోవడం, పగలు అక్కడ గోడలు కట్టించుకోవడం.

“ఆటో నిండేదాంక కదలడు. మేం పోయేసరికి మేస్త్రి ఇంకో పనికి పోతడు. పెద్దవానలు పడకముందు ఇల్లు లేవకుంటె మగ్గం గుంతల నీళ్లు నిండుతయి. మగ్గం పోతె ఇంక గాడ ఏం జేస్తం? జాగ అమ్ముకొని పోవుడే.”

కాలనీ ప్రయాణికులు ఎక్కడికీ పోలేదు. వారి ప్రయాణ దిశ తిరగబడింది. మేము పాత దిశలోనే లెక్క చూస్తున్నాం. నైట్‌హాల్ట్ రద్దుచేసి, బస్సును పొద్దున ఎల్‌బీ నగర్ నుంచి కాలనీకి, సాయంత్రం కాలనీ నుంచి ఇటు నడపాలని రాశాను.

కోస్తా ప్రాంతీయులైన మేనేజరు గారు చదివి, “రెండు వారాలు చూద్దామండీ. నిండకపోతే బండి చైతన్యపురి వెళ్లిపోతుంది. మళ్లీ నన్ను అడక్కూడదు మీరు,” అన్నారు. కాలనీ పక్క ఊళ్లోనే ఉండే డ్రైవరు నర్సింహ గొణిగాడు: “గింత పొద్దుగాల డిపోకు రావాల్నంటె కోడిని నేనే లేపాలె సార్.”

మొదటి వారం బస్సు సగం కూడా నిండలేదు. కారణం అండాలమ్మనే అడిగాను.

“నమ్ముతలేరు సారూ. మళ్ల ఒస్తమని ఎంతమంది జెప్పిపోయిండ్రు! టైముకు రానియ్యుండ్రి, వాళ్లే ఎక్కుతరు.”

అప్పటి నుంచి రోజూ స్టాపులో నిలబడి, బస్సు వేళ తప్పకుండా చూశాను. రెండో వారం మధ్యకు సీట్లు దొరకలేదు. సిమెంటు బస్తాతో ఎక్కిన ఒకాయనను కండక్టరు అడ్డుకుంటే, “అది నిలవడే ఒస్తది తమ్మీ, నువ్వు జర జరుగు,” అన్నాడు. మేనేజరు గారు కొత్త షెడ్యూలును ఖాయం చేశారు.

పెద్దవానలు వచ్చేలోగా అండాలమ్మ ఇంటికి కప్పు పడింది. మగ్గం నిలిచింది. చలికాలానికి ఎల్‌బీ నగర్‌లో పొద్దుటి గుంపు పలచబడింది. కుటుంబాలు కాలనీకి తిరిగి వెళ్లిపోతున్నాయి. నైట్‌హాల్ట్ పునరుద్ధరిస్తూ రాసిన ఉత్తర్వు మీద మేనేజరు గారు ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సంతకం చేశారు.

విపత్తు తరువాత సర్వీసు ఖాళీగా కనిపిస్తే, దాన్ని తీసేసే ముందు ప్రయాణికులు రోడ్డుకు ఏ వైపున నిలబడి ఉన్నారో చూడాలి. నా తరువాత ఆ కుర్చీలోకి వచ్చిన అధికారికి నేను చెప్పిన మాట అదొక్కటే.