పన్నె పట్టిన చెయ్యి

కడపలో ఒక కాలేజీ ల్యాబులో గాజుసామాను కడిగే పని నాది. మా ఆయన పోయినాంక మగ్గం అమ్మేసి ఈడ చేరితి. నాకు సంతకం తప్ప అచ్చరం రాదు. అయినా ఏ సీసా యాడ ఉండాదో పిల్లోళ్ళు నన్నే అడగాల.

ఆ పొద్దు ఎర్రగుంట్లనుంచి వచ్చి చదువుకునే పాపకు ఆఖరి పరీక్ష. రెండు రకాల శెనక్కాయ చెట్ల ఆకులు నూరి, డీఎన్ఏ తీసి, అందులో కావాల్సిన తునకల్ని మిషన్లో పెంచి, సిన్న గొట్టాల్లో పెట్టుకొనింది. ఆ రెండు రకాలూ వేరేవేరని, బయట ఊరినుంచి వచ్చే సారుకు మధ్యాన్నం సూపించాల. సూపిస్తేనే పాసు. ల్యాకుంటే ఇంకో ఏడు ఆగాల.

దానికి జెల్ పోయాల. ఒక తెల్ల పొడిని నీళ్ళల్లో కాంచి పళ్ళెంలో పోసి, ప్లాస్టిక్ దువ్వెన నిలబెడతారు. జున్ను మాదిరి గడ్డకట్టినాంక దువ్వెన తీస్తే, పండ్లున్నకాడ గుంతలు పడతాయి. డీఎన్ఏ పోసేది ఆ గుంతల్లోనే. గుంత చినిగితే అంతా కారిపోతాది.

పాప దువ్వెనను గబుక్కున గుంజి మొదటిది చించె. రెండోదీ చించె. డబ్బాలో పొడి ఒక్క జెల్‌కే మిగిలె. అదీ పోసి, గడ్డకట్టినాంక దువ్వెన ముట్టుకోను భయపడి ఏడుస్తా నిలబడె.

"ఏమ్మే, దువ్వెనకేమన్నా కోరలుండాయా?" అంటి.

"నీకేం తెల్సు అవ్వా! నువ్వు తీస్తావా?"

"జరుగు. ఇట్లాంటి దువ్వెన కాడనే నా వయసంతా పోయింది."

మగ్గంలో పోగుల్ని వరసగా పట్టే దువ్వెన ఉంటాది, పన్నె అంటాము. గంజి పట్టి ఎండిన పోగుల్లో పన్నెను పొడిగా లాగితే పోగులు తెగుతాయి. తడపాల, అల్లాడించకుండా తీయాల. మా ఆయన తిట్టితిట్టి నేర్పినాడు. జెల్‌ను ముంచేదానికి పాప ఉప్పులు కలిపిపెట్టుకున్న నీళ్ళే దాని మింద ఇంత పోస్తి. ఊపిరి బిగబట్టి దువ్వెనను నిట్టనిలువుగా తీస్తి. ఒక్క గుంతా చినగల్యా.

పాప నీలం మందు కలిపిన డీఎన్ఏ పోసి కరెంటు పెట్టె. నీలం చుక్కలు పందెం ఎద్దుల మాదిరి కదిలె.

సారు వచ్చె. జెల్‌ను దీపంపెట్టె మింద పెడితే, అబ్బా, అడ్డగీతలు వెలిగె! ఒక వరసలో మూడు, పక్క వరసలో నాలుగు. అచ్చం చీర అంచులే.

"రెండూ ఒక మగ్గం చీరలు కావు సార్!" అని నోరు జారితి.

సారు నవ్వి, "జవాబు ఆమె చెప్పేసె. గుంతలు నీటుగా ఉండాయి, ఎవరు తీసినారు?" అనె.

పాప తల వంచుకొని, "అవ్వ తీసింది సార్" అనె.

"దువ్వెనకు మార్కుల్లేవులే. గీతల కథ చెప్పు."

పాప శెనక్కాయలు వేయించినట్ల పటపటా చెప్పె. పాసాయె.

అయినా పాపకు దువ్వెన తీసేది వచ్చేదాకా నేను వదల్లా. ఆ తెల్ల పొడి, మనం జున్ను మాదిరి మిఠాయి చేసుకునే చైనాగ్రాస్ జాతిదేనంట. ఆదివారం ఇంటికి పిలిచి, పాలూ చక్కెరా వేసి చైనాగ్రాస్ కాంచి, కొత్త దువ్వెన గుచ్చి, పాపతోనే తీయిస్తి. మొదటిది చినిగె, తినేస్తిమి. రెండోది చినిగె, అదీ తినేస్తిమి. మూడోదీ అంతే. నాలుగోది గుంతలతో సహా నిలబడె. ఇద్దరం చప్పట్లు కొట్టి, దాన్నీ తినేస్తిమి.