నాన్నకి వేసిన కుర్చీ

నాకు అన్నిటి మీదా అభిప్రాయాలుంటాయి. మా ఇంట్లో ఇది గొప్పేమీ కాదు, తిట్టు. పప్పులో ఉప్పు తగ్గిందని అనబోయినా చాలు, "మొదలెట్టింది మంత్రిగారు" అంటుంది అమ్మ.

ఆ అభిప్రాయాల్లో సగం గుణదల నుంచి కాలేజీకి వెళ్ళే షేర్ ఆటోలో పుట్టినవే. మనిషి ఎలాంటివాడో తెలియడానికి జాతకం అక్కర్లేదు. ఆటో ఆగి ఇంకొకరు ఎక్కబోతే లోపలికి జరుగుతాడా, మోకాళ్ళు పక్కకి తిప్పి "మీరే లోపలికెళ్ళండి" అంటాడా చూస్తే చాలు. రాజకీయం తెలియాలంటే రోడ్డు మీది ఫ్లెక్సీ చూడాలి. పైన ఒక పెద్ద ముఖం, కింద వరుసగా స్టాంపు బిళ్ళలంత ముఖాలు. కింది వరుసలోంచి పై వరుసలోకి ఎక్కడానికి పడే పాట్లన్నిటినీ కలిపి ప్రజాసేవ అంటారు. డిగ్రీలో మూడేళ్ళుగా పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను గానీ ఇంతకన్నా ఎక్కువ అర్థం కాలేదు. ఇక సినిమాల సంగతి చెప్పబోయే నేను ఇరుక్కున్నాను.

ఓ పెద్ద హీరో సినిమా విడుదలైన రోజు స్నేహితురాళ్ళతో కలిసి ఉదయం ఆటకి వెళ్ళాను. అందులో హీరో జమీందారు కొడుకు. పేదల కోసం పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. ఆయన సింహాసనంలాంటి కుర్చీలో ఉంటాడు, పేదలు కింద నేల మీదుంటారు. హాలంతా ఈలలు, కాగితాలు. నాకు ఒళ్ళు మండింది. బయటికి రాగానే గేటు దగ్గర యూట్యూబ్ చానళ్ళ వాళ్ళు మైకులతో కాచుకుని ఉన్నారు. మా ఊళ్ళో సినిమా చూడటం ఒక ఎత్తు, చూసొచ్చి ఆ మైకు ముందు నిలబడటం ఇంకో ఎత్తు. ఒకతను నా ముందుకి మైకు తోసి, "ఎలా ఉందండీ సినిమా?" అన్నాడు.

బాగాలేదని ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకునే రకం కాదు.

"పేదల గురించి మాట్లాడేవాడు వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాడో చూడాలండీ, అదే అసలు సినిమా" అన్నాను. అతనికి హుషారొచ్చింది. "అంటే బయట కూడా అలాగే ఉందంటారా?" అన్నాడు. "ఎందుకుండదండీ? మా నాన్న వన్ టౌన్లో చీరల కొట్లో పని చేస్తాడు. వాళ్ళ ఓనరు గారు మీటింగుల్లో మైకు పట్టుకుని సమానత్వం అంటారు. కొట్లో మాత్రం పనివాళ్ళు పొద్దున్నించి రాత్రిదాకా నిలబడాల్సిందే. ఒక్క కుర్చీ ఉండదు. మా నాన్న ఇంటికొచ్చి వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు" అన్నాను. పక్కన మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు ఎంతో బాగున్నాయి.

సాయంత్రానికి ఆ వీడియో ముక్క ఊరంతా తిరిగింది. "ఓనర్ పరువు తీసేసిన అమ్మాయి" అని పైన ఎర్ర అక్షరాలు. కింద కామెంట్లు. మొదట నేను ఏ హీరో అభిమానినో తేల్చారు. తర్వాత ఏ పార్టీనో, ఆ తర్వాత ఏ కులమో తేల్చారు. ముగ్గురు మనుషులు పక్కా సమాచారమని మూడు రకాలుగా చెప్పారు. మా వైపు అభిప్రాయానికి ఇంటిపేరు దొరక్కపోతే ఎవరికీ నిద్ర పట్టదు. నేను కాసేపు నవ్వుకున్నాను కూడా. నా పేరు చెప్పలేదు, కొట్టు పేరు చెప్పలేదు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. కానీ వన్ టౌన్ అంటే ఎంత, ఒక సందులో తుమ్మితే పక్క సందులో చిరంజీవ అంటారు.

ఆ రోజు నాన్న మామూలు వేళకే వచ్చాడు. చెప్పులు విడిచి, చొక్కా తగిలించి, గోడకానుకుని కూర్చున్నాడు. అమ్మ బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చి ఉప్పు వేసింది. నాన్న కాళ్ళు అందులో పెట్టలేదు. పిక్కల మీద ఉబ్బిన నరాలు లుంగీ కిందికి లాక్కుని కప్పుకున్నాడు. మా ముందు ఆయన అలా కప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"చూశావా నాన్నా?" అన్నాను.

"పక్క కొట్టువాడు చూపించాడు."

"నేనన్నదాంట్లో అబద్ధం ఏవన్నా ఉందా?"

నాన్న గొంతు పెంచకుండానే అన్నాడు. "లేదే. అభిప్రాయం నీది. కాళ్ళు మాత్రం నావి. నాకు నొప్పులని ఇన్నేళ్ళలో ఆ కొట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే నిలబడలేనివాడి కిందే లెక్క."

అప్పుడు నాకు భయమేసింది. నాన్నకి ఆ కొట్టు తప్ప ఇంకో పని రాదు. మా తాత పామర్రు అవతలి పల్లెలో జీవితమంతా మగ్గం గుంటలో కూర్చుని నేశాడు, మోకాళ్ళు పోయాయి. కొడుక్కి ఆ కూర్చునే బతుకు వద్దని బెజవాడ పంపించి ఈ కొట్లో పెట్టించాడు. నాన్న అప్పటినుంచీ నిలబడి అమ్ముతున్నాడు. ఈ వయసులో నిలబడలేడని పేరు పడితే, వన్ టౌన్లో ఏ కొట్టు గుమ్మమూ ఆయనకి తెరుచుకోదు. నేను సినిమా బాగాలేదని చెప్పబోయి ఆయన అన్నం మీదికి తెచ్చాను. అయినా నేనన్నది తప్పని మాత్రం మనసొప్పలేదు, ఇప్పటికీ ఒప్పదు.

మర్నాడు షావుకారు గారు కొట్లో నాన్నని ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయం. అరిచేవాడైతే అరిచి ఊరుకుంటాడు. ఈయన అరవడు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, తల పైన ఒక పక్క పార్టీ నాయకుడి ఫొటో, ఇంకో పక్క తన అభిమాన హీరో ఫొటో పెట్టుకుని, అందర్నీ నవ్వుతూ పలకరిస్తాడు. నేను తిట్టిన సినిమాకి మా సెంటర్లో ఫ్లెక్సీలు కట్టించింది కూడా ఆయనే. వాటిలో కింది వరుసలో రెండో ముఖం ఆయనది. ఈ సంగతి నాకు ముందే తెలుసు, మైకు ముందు మాత్రం గుర్తు రాలేదు.

ఇంట్లో ఫోన్ మోగితే అమ్మ ఉలిక్కిపడేది. నాన్న క్యారేజీ తీసుకుని బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "ఏవన్నా అంటే తలొంచుకోండి, అంతే" అనేది. "ఆయన అంటే గదా" అనేవాడు నాన్న. నేను పుస్తకం ముందు పెట్టుకుని ఒక్క పేజీ తిప్పలేకపోయేదాన్ని. చివరికి ఒక సాయంత్రం నాన్న వచ్చి, "రేపు నిన్ను కొట్టుకి తీసుకు రమ్మన్నారు" అన్నాడు. ఎందుకని నేనడగలేదు. నాకు తెలిసినంతలో నేను అడగని మొదటి ప్రశ్న అదే.

వెళ్ళేసరికి సందులో తోపుడు బళ్ళు, మూటలు దింపే ఆటోలు, ఎప్పటి గోలే. కొట్లో మాత్రం అందరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు. కౌంటరు ముందు కొత్త ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ధర చీటీ ఇంకా ఊడలేదు. దాని ఎదురుగా అదే యూట్యూబ్ చానల్ అతను, అదే మైకు. షావుకారు గారు తెల్ల చొక్కాలో వెలిగిపోతున్నారు.

"రావమ్మా, రా. నువ్వన్న మాట నా మనసులో నాటుకుంది తల్లీ" అన్నారు. "చిన్నపిల్ల చెప్పినా నిజం నిజమే. అందుకే మీ నాన్నకి కుర్చీ వేయించా. ఏవయ్యా, కూర్చో."

నాన్న కూర్చున్నాడు. కుర్చీ చివర, రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని, ఎవరింటికో మొదటిసారి వెళ్ళిన చుట్టంలా కూర్చున్నాడు. తోటి సేల్స్‌మన్లు కౌంటరు వెనక నిలబడే ఉన్నారు. వాళ్ళలో ఎవరూ నాన్న వైపు చూడలేదు. షావుకారు గారు పక్కన నిలబడి నాన్న భుజం మీద చెయ్యేశారు. కెమెరాలో ఆయన ముఖం పైన, మా నాన్న ముఖం కింద. ఇది నేనెప్పుడూ వెక్కిరించే ఫ్లెక్సీయే.

మైకు నా వైపు తిరిగింది. "ఇప్పుడెలా ఫీలవుతున్నారండీ? ఓనరు గారి గురించి ఒక మాట" అన్నాడతను.

షావుకారు గారు నవ్వుతూ నా నోటి వైపే చూస్తున్నారు. థాంక్సండీ అంటే నాన్న పని నిలబడుతుంది. ఆ ఒక్క మాట చాలు. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. నాన్న నా వైపు చూడకుండా నేల మీది బండల్నే చూస్తున్నాడు.

అప్పుడే ఒక పెద్దావిడ, ఆమె కోడలు లోపలికొచ్చారు. పల్లెటూరి వాళ్ళని చూడగానే తెలుస్తోంది. పెద్దావిడ నాన్నని గుర్తుపట్టి, "ఏవండీ, బాగున్నారా? పెళ్ళిలో చుట్టాలకి పెట్టడానికి పెట్టుబడి చీరలు కావాలండీ" అంది. నాన్న ఎప్పటి అలవాటు కొద్దీ లేవబోయాడు. భుజం మీది చెయ్యి ఆయన్ని కిందికి నొక్కింది.

"కూర్చోవయ్యా, రికార్డవుతోంది" అన్నారు షావుకారు గారు, నవ్వు చెరగకుండా.

నాన్న సగం లేచి సగం కూర్చుని ఆగిపోయాడు. పిక్కలు వణకడం నాకు కనిపించింది. రోజంతా నిలబడటం కంటే అలా సగంలో ఆగడం కష్టం.

"ఆయన్ని లేవనివ్వండి" అన్నాను.

మైకు పట్టుకున్నతను, "మళ్ళీ చెప్తారా అండీ?" అన్నాడు. "మా నాన్నని లేవనివ్వండి. చెయ్యి తియ్యండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అమ్మ తలొంచుకోమన్న మాట గుర్తొచ్చింది, అప్పటికే ఆలస్యమైంది.

షావుకారు గారి నవ్వు ఒక్క క్షణం ఆగింది. ఈలోగా నాన్న భుజం కొంచెం పక్కకి వంచి, ఆ చెయ్యి దానంతటదే జారిపోయేలా చేసి, లేచి నిలబడ్డాడు. "రండమ్మా, పెట్టుబడికి ఎన్ని కావాలి? కోడలు గారికి వేరేగా చూపించమంటారా?" అని కౌంటరు వెనక్కి వెళ్ళి చీర విప్పి పరిచాడు. గొంతులో ఏ తేడా లేదు.

షావుకారు గారు వెంటనే కెమెరా వైపు తిరిగారు. "చూశారుగా? మేం కుర్చీ వేసినా కూర్చోడు. అదండీ మా వాళ్ళ అంకితభావం" అన్నారు.

ఆ వీడియో కూడా ఊరంతా తిరిగింది. "కుర్చీ వేసినా కూర్చోని ఉద్యోగి, మనసున్న ఓనర్." నేనన్న మాట కోసేశారు. నేను నోరు తెరిచి మూసుకున్నంత వరకూ ఉంచారు, కింద సంగీతం పెట్టారు. జనం దండాలు పెట్టారు, నన్ను క్షమించేశారు. వచ్చే ఎన్నికల్లో ఆయనకి కార్పొరేటర్ టికెట్టు ఇవ్వాలని కూడా ఒకరు రాశారు. నాన్న పనికి ఢోకా లేదని అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. నేను ఆ కొబ్బరి ముక్క తినలేకపోయాను. కోపంతో ఏడుపొచ్చింది.

"గెలిచింది ఆయనే కదా నాన్నా" అన్నాను.

నాన్న ఆ సాయంత్రం లుంగీ మోకాళ్ళ దాకా మడిచి, నా ముందే కాళ్ళు బకెట్లో పెట్టుకున్నాడు. నీళ్ళు కాలాయేమో, పళ్ళు బిగించి మెల్లగా ఊపిరి వదిలాడు.

"గెలిస్తే గెలవనీ. కుర్చీ వీడియోలో పడిందిగా" అన్నాడు. "ఊరంతా చూసిన కుర్చీ, ఇంక తీయించలేడు. భోజనానికి ఆయన ఇంటికెళ్ళే టైముంది చూడూ, అప్పుడు కూర్చోడానికి అందరం వంతులేసుకున్నాం. నా వంతు రేపు."