అలివేలమ్మగారు పూడ్చనివ్వని ఖాళీలు

మొన్న టి. నగర్ నుంచి ఒకాయన తాతల నాటి వాల్వు రేడియో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. స్విచ్చి వేసిన నిమిషానికి లోపలి గాజు వాల్వులు ఎర్రబడి, వాటి మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము కాలడం మొదలైంది. కొంచెం మాడిన అప్పడం, కొంచెం పాత పుస్తకం, కొంచెం లక్క కలిపినట్టుండే వాసన అది. ఆయన ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం ఎంత గట్టిగా పీల్చానంటే చొక్కా బొత్తాం తెగి వీధి అవతల పడింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు అలివేలమ్మగారు గుర్తుకొస్తారు.

మీరెవరూ ఆవిడను చూసి ఉండరు. నెల్లూరు మనిషి. పంతొమ్మిది వందల యాభైలలో మద్రాసులో ఒక కాలేజీ భౌతికశాస్త్ర శాఖలో పరిశోధన చేసేవారు. మనిషి నాలుగున్నర అడుగులు, అందులో అరడుగు కొప్పు. ఆ కొలతల మనిషి నేలకు అరవై మైళ్ల పైనున్న గాలి సంగతి తేల్చడానికి కూర్చున్నారు. ఆవిడ దగ్గర ఉన్నదల్లా కాలేజీ మేడ మీద ఒక గది, ఒక రేడియో, దానికి తగిలించిన కలం. దూరపు షార్ట్‌వేవ్ స్టేషను ఎంత గట్టిగా వినిపిస్తే కలం అంత పైకి లేచి, కాగితపు చుట్ట మీద గీత గీసుకుంటూ పోయేది. మా పెద్దమ్మ పోపు వాసన పట్టి పక్కింటి తగువు చెప్పినట్టు, ఆ గీత చూసి ఆవిడ ఆకాశంలో జరిగేది చెప్పేవారు.

అప్పటికి మద్రాసులోనే చూలై అనే పేటలో నాకు సొంత రిపేరు షాపు ఉంది. ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు సెలూను శేషయ్య రేడియోను చంకలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే సగం గడ్డం గీయించుకున్న గిరాకీ, సబ్బు నురగతో.

"మునుస్వామీ, సిలోను స్టేషను పాట నడి చరణంలో ఆగిపోయిందప్పా. ఈడ చూడు, ఊపిరి కూడా లేదు."

అతని వెంట ఇంకో నలుగురు అదే మాటతో వచ్చారు. ఈ కథ చెప్పేటప్పుడు నేను నలభై అంటాను. అన్నిటినీ విప్పాను, వాల్వులు మార్చాను, ఊదాను, దణ్ణం పెట్టాను. ముప్పావుగంటలో ఒక్కొక్కటిగా గొంతు సవరించుకుని, మెల్లగా పాట అందుకున్నాయి. శేషయ్య నా చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీ చేతిలో ఏమో ఉండాదప్పా," అన్నాడు. ఆ పూట నా కాళ్లు నేలకు రెండడుగుల ఎత్తున నడిచాయి.

మధ్యాహ్నం అలివేలమ్మగారు వాల్వు కోసం వచ్చారు. నా విజయగాథ అంతా విని మెచ్చుకోలేదు.

"ఎన్ని గంటలకు ఆగింది?"

"పదకొండుకమ్మా."

"పదకొండు దాటి ఎన్ని నిమిషాలకు?"

"ఈడ ప్రాణాలు పోతా ఉంటే గడియారం ఎవరు చూస్తారమ్మా?"

"మద్రాసు స్టేషను పలికిందా?"

"ఆ, అది మాత్రం బాగానే పలికింది."

"నువ్వు చేతులు కట్టుకుని కూర్చున్నా అన్నీ పాడేవి మునుస్వామీ. చెడింది రేడియో కాదు." ఆవిడ గడప దిగి, మడిచిన గొడుగుతో సూర్యుణ్ణి చూపించారు. "ఆయన పని."

సూర్యుడు ఉన్నట్టుండి భగ్గుమంటాడట. ఆ ధాటికి మన గాలి పై పొరల్లో అడుగుది దట్టమై, దూరం నుంచి ఆకాశం తాకి రావలసిన అలలను దారిలోనే మింగేస్తుందట. నేల వెంబడి వచ్చే ఊరి స్టేషనుకు ఏమీ కాదు. కాసేపటికి పొర పలచబడితే దూరపు పాట తిరిగి వస్తుంది. మద్రాసు ఎండ సంగతి నాకు తెలుసు గానీ, అది సిలోను పాటను కూడా కాల్చేస్తుందని అప్పుడే తెలిసింది.

ఆవిడ నా రిపేరు పుస్తకం తెరిచి, "వాల్వు పోయింది" అని నేను అయిదుసార్లు రాసినదాన్ని వేలితో చూపించారు. "ఇది నువ్వు అనుకున్నది. జరిగింది రాయి. ఎప్పుడు ఆగింది, ఏది ఆగింది, ఏది పలికింది. కారణం తెలిసినాక రాద్దువు." ఆ రోజు నుంచి నేను గిరాకీ మొహం కంటే ముందు గడియారం చూడటం నేర్చుకున్నాను. చూలైలో నాకు పిచ్చి పట్టిందన్నారు.

ఏడాది గడిచింది. ఒకరోజు ఆవిడ వచ్చి బల్ల మీద కాగితపు చుట్ట పరిచారు. కలం ధబీమని అడుక్కి పడి, నింపాదిగా పైకెక్కిన చోట్లు చాలా ఉన్నాయి. ప్రతి చోటా ఆ గుంట మీదుగా ఎవరో సిరాతో చక్కటి గీత గీసి కలిపేశారు.

"తనిఖీకి పెద్దవాళ్లు వస్తున్నారు. ఖాళీలు కనపడితే మన యంత్రం మంచిది కాదనుకుంటారని మా శాఖ ప్రొఫెసర్ గారు పూడ్పించారు. కింద నన్ను సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే గది ఖాళీ చెయ్యాలి."

"పెట్టేస్తే పోలా అమ్మా? గీత ఎంత అందంగా ఉండాదో చూడండి."

ఆవిడ చూసిన చూపుకు నా చేతిలోని సాల్డరింగ్ కడ్డీ చల్లారిపోయింది. "మూడేళ్లుగా నేను వెతుకుతున్నది ఆ ఖాళీలనే. వాటినే పూడ్చేస్తే నా దగ్గర మిగిలేదేంది? నీ పుస్తకం ఇయ్యి."

పుస్తకంతో పాటు నేనూ వెళ్లాను. ప్రొఫెసర్ గారి మీసం ఎంత వెడల్పంటే ఆయన తలుపులోంచి పక్కకు తిరిగి రావాలి. నన్ను, నా పుస్తకాన్ని, దాని మీది నూనె మరకల్ని చూశారు.

"ఏమిటమ్మా అలివేలూ ఇది? క్షవరం షాపు రేడియోలు కూడా మన శాస్త్రానికి సాక్ష్యమా?"

"ఆ రేడియోలకు నేనెవరో తెలియదు సార్. అందుకే తెచ్చాను."

నేను తేదీ, గంట, నిమిషం చదివాను. ఆవిడ చుట్ట మీద వేలు పెట్టారు. చదివిన ప్రతిసారీ వేలికింద ఖాళీ ఉంది. ప్రొఫెసర్ గారి మీసం రెండు అంగుళాలు జారింది. ఆఖరికి ఆయనే ఒక ఖాళీ చూపించి, "మరి ఇది?" అన్నారు. ఆ రోజు నా పుస్తకంలో ఏమీ లేదు. నా నోరు ఊరుకుంటుందా? "ఆ పొద్దు కూడా చూలై అంతా మూగబోయింది సార్, కాకులు కూడా..." అని అందుకున్నాను.

"లేదు సార్," అన్నారు అలివేలమ్మగారు. "ఆ రోజు ఎలక తీగ కొరికింది. అది మా యంత్రం తప్పే. పక్కనే రాశాను."

"చూశావా? నువ్వే ఒప్పుకున్నావు."

"ఒప్పుకున్నాను కాబట్టి మిగిలినవి నమ్మండి."

ఆయన నమ్మలేదు. నమ్మారేమో, నమ్మినట్టు చెప్పడానికి మీసం అడ్డొచ్చిందేమో. "సంతకమా, గది ఖాళీయా?" అన్నారు. ఆవిడ బల్ల మీది ఆయన కలమే తీసుకున్నారు. మీసం మళ్లీ పైకి లేచింది. ఆవిడ చుట్ట పొడుగునా, పూడ్చిన ప్రతి గీత కిందా తీరిగ్గా రాసుకుంటూ పోయారు: "ఈ గీత యంత్రం గీసింది కాదు. తరవాత మనిషి గీసినది." ప్రతిదాని కిందా పూర్తి పేరుతో సంతకం. ఎలక కొరికిన చోట కూడా.

"సంతకాలు పెట్టాను సార్. గది కూడా రేపు ఖాళీ చేస్తాను."

ఆ చుట్ట చూసి తనిఖీవాళ్లు ఏమన్నారో నాకు తెలియదు. ఆవిడ రేడియో, కలం మాత్రం చూలైలో నా షాపు మేడ మీదికి వచ్చాయి. తరవాత పాట ఆగినప్పుడల్లా శేషయ్య నా దగ్గరికి రావడం మానేసి, వీధిలో నిలబడి మేడ వైపు కేకేసేవాడు: "అమ్మా, ఇది ఆయన పనా, మునుస్వామి పనా?" నా పరువు పోయింది గానీ, ఆవిడ గీత ఆగలేదు. చివరిదాకా అక్కడే పనిచేశారు.

ఆవిడ పోయిన చాలా కాలానికి, రేడియోలు చేసే ఒక పెద్ద కంపెనీ మనిషి నా దగ్గరికి వచ్చాడు. పెట్టెలోంచి తీసేసరికే చచ్చి ఉన్న రేడియోలను, కొన్నవాళ్లే చెడగొట్టారని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టకపోతే వాళ్ల రిపేరు ఏజెన్సీ నాకు ఉండదు. జీవితమంతా నలుగురిని నలభై చేసినవాణ్ణి, నాకు అదొక లెక్కా అనుకున్నాడు. కలం తీసుకుని, చూసింది చూసినట్టు రాసి, కింద పూర్తి పేరు పెట్టాను. ఏజెన్సీ పోయింది. ఆ కాగితం మీద తేదీ, గంట, నిమిషం కూడా వేశాను. చచ్చిన రేడియోలు ఎన్నో అన్నే రాశాను. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.