గోడ కట్టినవాళ్ల గోత్రం

అమెరికాలో మేముండే నోవై ఊళ్లో మా పక్కింటి అమెరికన్ పెద్దాయన, ఎవరు కనిపించినా ఫోన్‌లో స్కాట్లాండ్‌లోని ఒక పాత కోట ఫొటో చూపించేవాడు. వేలు మాత్రం బురుజు మీద కాదు, కింది గోడ మీద పెట్టేవాడు. తన వంశం కూపీ లాగితే, ఆ గోడ కట్టిన మేస్త్రీ దగ్గర తేలిందట.

మా సత్యనారాయణ వ్రతానికి పిలిచాం. సంకల్పంలో ఆయన పేరూ చదవమన్నాను.

“గోత్రం తెలీదుగా, కాశ్యప అనేస్తా. తెలీనివాళ్లకి అదే” అన్నారు పంతులుగారు.

గోత్రమంటే మూలపురుషుడి పేరని పెద్దాయనకి ఇంగ్లిష్‌లో చెప్పాను.

“నాకు తెలుసుగా” అంటూ ఫోన్ తీసి, గోడ మీద వేలు పెట్టి, ఆ మేస్త్రీ పేరు చెప్పాడు.

పంతులుగారు రెండుసార్లు పలికి చూసుకుని, “గోత్రోద్భవస్య” ముందు ఆ పేరే చేర్చి చదివారు.

పెద్దాయన నిటారుగా కూర్చున్నాడు. ప్రసాదం తీసుకుంటూ నాతో అన్నాడు: “కోట గుమ్మం దగ్గర పలక మీద దొరల పేర్లే ఉన్నాయి. మావాడి పేరు పైకి చదవడం ఇదే మొదటిసారి.”